పేరు వెతికితే ఇల్లు దొరక్కూడదు

ప్రమాదంలో ఉన్నవాళ్ల చిరునామా, ఫోన్ నంబర్ లాంటివి ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి తీయించడం మా పని. ఈ పనిలో మొదటి గంట కంప్యూటర్ తెరవం. హింస భరించలేక ఇల్లు వదిలినవారు, కోర్టులో సాక్ష్యం చెప్పబోయేవారు, ఏదో రాసినందుకు ఆన్‌లైన్‌లో గుంపు విరుచుకుపడినవారు, ఎవరు వచ్చినా ముందు అడిగేవి మూడు ప్రశ్నలే. మీరు భయపడుతున్నది ఎవరికి? మీ గురించి అతనికి ఇప్పటికే ఏమేం తెలుసు? మీరు ఎక్కడున్నారో తెలిస్తే ఏం చేస్తాడు?

ఈ జవాబులను బట్టి పని వరస మొత్తం మారిపోతుంది. గుంపు దాడి అయితే ఎదుటివాళ్లకు మొదట్లో ఏమీ తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికిందే వాళ్లకు ఆయుధం. కాబట్టి సెర్చ్‌లో కనబడే ఫోన్ నంబర్, ఇంటి చిరునామా, పనిచేసే చోటు ముందు తీయించాలి, అదీ గంటల్లో. అదే భయం మాజీ భర్త నుంచో, ఒకప్పటి స్నేహితుడి నుంచో అయితే లెక్క వేరు. పుట్టినతేదీ, అమ్మ పుట్టింటి పేరు, చిన్నప్పటి బడి, పాస్‌వర్డ్ పెట్టుకునే అలవాటు అన్నీ అతనికి కంఠస్థం. సిమ్ అతని పేరు మీదే ఉండొచ్చు, ఈమెయిల్ రికవరీ నంబర్ అతనిదే కావొచ్చు. అక్కడ ఫోను, అకౌంట్లు ముందు. గూగుల్ సంగతి తర్వాత. వరస తప్పితే చేసిన పనంతా అతని కళ్లముందే చేసినట్టవుతుంది.

అందుకే రెండో మాట: ఈ పనికి అతని చెయ్యి ఎప్పుడూ తగలని ఫోనో, ల్యాప్‌టాపో వాడాలి. ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో వెతికితే ఆ సెర్చ్ హిస్టరీ అదే గూగుల్ అకౌంట్ ఉన్న ఇంకో ఫోన్‌లో కనబడుతుంది. ప్రైవేట్ విండో వాడినా ఫోన్‌లో నిఘా యాప్ ఉంటే ప్రయోజనం లేదు. కొత్తగా ఒక ఈమెయిల్ తెరిచి, దానికి అసలు పేరు గానీ పాత నంబర్ గానీ తగిలించకుండా, ఈ పనంతా దాన్నుంచే నడపాలి.

ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఐఓఎస్ 16తో 2022లో ఐఫోన్‌కు సేఫ్టీ చెక్ అనే సదుపాయం వచ్చింది. ఎవరెవరితో లొకేషన్, ఫోటోలు, క్యాలెండర్ పంచుకుంటున్నామో అది చూపిస్తుంది, ఒక్క బటన్‌తో అన్నీ తెంచేస్తుంది. మంచి పనిముట్టే. కానీ తెంచిన క్షణం నుంచి అవతలివాడి ఫోన్‌లో లొకేషన్ కనబడదు. ఎందుకు ఆగిపోయిందని అతను అదే రాత్రి అడుగుతాడు. కాబట్టి చూసి రాసుకోవడం ముందే చెయ్యాలి, తెంచడం మాత్రం మనిషి బయటపడి క్షేమంగా ఉన్న చోటికి చేరాకే. పాస్‌వర్డ్‌లు మార్చడానికీ ఇదే నియమం. తొందరపడి ముందే అన్నీ మార్చేయడం మేం చూసే తప్పుల్లో అత్యంత ప్రమాదకరమైనది.

చెరిపే ముందు సాక్ష్యం దాచాలి. బెదిరింపు మెసేజ్, చిరునామా బయటపెట్టిన పోస్టు, దొంగ ప్రొఫైల్ ఏదైనా సరే, స్క్రీన్‌షాట్‌లో పూర్తి లింకు, తేదీ, సమయం కనబడాలి. పేజీ పొడవుగా ఉంటే పీడీఎఫ్‌గా దాచి రెండు చోట్ల కాపీ పెట్టాలి. ప్రొఫైల్ అయితే పైకి కనబడే పేరు సరిపోదు, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. యూజర్‌నేమ్, లింకు రెండూ కావాలి. ఇక్కడ మంచి ఉద్దేశంతోనే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. సాక్ష్యం పోతుందేమోనని ఆ పేజీని, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేస్తారు. అది అందరికీ తెరిచిన గ్రంథాలయం. ఇంటి చిరునామా ఉన్న పేజీకి అక్కడ మనమే ఇంకో శాశ్వత కాపీ తయారుచేసినట్టు. అలా చేసేసి ఉంటే దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు ఈమెయిల్‌లో ఆ లింకులు రాసి తీసేయమని అడగాలి.

ఇప్పుడు వెతకడం. ముందు ఒక పట్టిక తెరుస్తాం. లింకు, అందులో కనబడే వివరం, దాన్ని పెట్టింది ఎవరు, తీసే అధికారం ఎవరిది, ఏం చేశాం, ఏ తేదీన అడిగాం, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఈ ఏడు గళ్లు లేకుండా మొదలుపెడితే మూడో రోజుకు ఏది అడిగామో, ఏది అడగలేదో తెలియదు.

వెతికేటప్పుడు ఏ అకౌంట్‌లోనూ లాగిన్ అయి ఉండకూడదు. లింక్డ్‌ఇన్‌లో లాగిన్ అయి ఒకరి ప్రొఫైల్ తెరిస్తే, ప్రైవేట్ మోడ్ పెట్టుకోకపోతే, చూసినవాళ్ల పేరు వాళ్లకు చేరుతుంది. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి, తర్వాత పేరుకు ఊరు కలిపి, పేరుకు వృత్తి కలిపి, పాత ఇంటిపేరుతో, ముద్దుపేరుతో. మన పేర్లతో ఇంకో చిక్కుంది: లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ముందూ వస్తుంది వెనకా వస్తుంది, కొన్నిచోట్ల ఒక్క అక్షరమై కూర్చుంటుంది. అన్ని రూపాలూ వెతకాలి, తెలుగు లిపిలో కూడా. ఫోన్ నంబర్‌ను దేశం కోడ్‌తో, కోడ్ లేకుండా, ఐదైదు అంకెలుగా విడగొట్టి, మధ్యలో గీత పెట్టి వేర్వేరుగా వెతకాలి. ఒక రూపంలో దొరకనిది ఇంకో రూపంలో దొరుకుతుంది. ఈమెయిల్, ప్రతి పాత యూజర్‌నేమ్ కూడా అంతే. యూజర్‌నేమ్ చాలా ప్రమాదకరమైన తీగ. పదిహేనేళ్ల కిందట ఏదో చర్చావేదికలో పెట్టుకున్న పేరే ఇవాళ్టి ఇన్‌స్టాగ్రామ్‌కూ పెట్టుకుని ఉంటే, అక్కడ రాసుకున్న ఊరూ వయసూ ఇక్కడి మొహానికి అతుక్కుంటాయి.

ఒక్క గూగుల్‌తో ఆగకూడదు. బింగ్, డక్‌డక్‌గో, యాండెక్స్ ఒక్కోటి ఒక్కో రకం ఫలితాలు ఇస్తాయి. ఫోటోతో వెతికేటప్పుడు గూగుల్ లెన్స్, టిన్‌ఐ, యాండెక్స్ మూడూ చూడాలి. టిన్‌ఐ అదే ఫోటో ఇంకెక్కడ ఉందో పట్టుకుంటుంది, యాండెక్స్ అదే మొహం ఉన్న వేరే ఫోటోలనూ తెస్తుంది. ఇక ఫైళ్లు. మాకు ఎక్కువ వివరాలు దొరికేది సోషల్ మీడియాలో అనుకుంటారు. నిజానికి పీడీఎఫ్, ఎక్సెల్ ఫైళ్లలో: పూర్వ విద్యార్థుల జాబితా, సంఘం సభ్యుల పట్టిక, విరాళాల లెక్క, పరీక్ష ఫలితాలు, కోర్టు ఉత్తర్వు. పెట్టినవాళ్లు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు, ఫైలు మాత్రం ఫోన్ నంబర్లతో సహా అలాగే ఉంటుంది. సెర్చ్‌లో ఫైల్‌టైప్ అని రాసి కోలన్ పెట్టి పీడీఎఫ్ అని చేరిస్తే ఇవి విడిగా వస్తాయి.

ఒక్కటి మాత్రం ఎక్కడా టైప్ చేయకూడదు: కొత్త చిరునామా. మనుషుల్ని వెతికిపెడతామనే సైట్లలో టైప్ చేసింది ఎక్కడికి పోతుందో మన చేతిలో లేదు. కొత్త చిరునామా బయట ఉందో లేదో చూడాలంటే పేరుతో వెతికి ఫలితాల్లో అది వస్తుందేమో చూడాలి, చిరునామాతో పేరును వెతకకూడదు.

పట్టిక నిండాక దాన్ని వెతికేవాడి కళ్లతో చదవాలి. ఒక్కో వరస విడిగా చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఒకచోట పుట్టినతేదీ, ఇంకోచోట ఊరు. కలిస్తేనే ప్రమాదం. అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది), లింగం, పుట్టినతేదీ అనే మూడు వివరాలతోనే విడిగా గుర్తించే వీలుందని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో అంచనా కట్టారు. ఆ మూడూ ఎవరూ రహస్యం అనుకోని వివరాలే.

ఈ కలయిక ఎలా జరుగుతుందో తెలియాలంటే పాస్‌వర్డ్ మరిచిపోయాను అనే తెర చూడాలి. యూజర్‌నేమ్ టైప్ చేసి ఆ బటన్ నొక్కితే చాలు, కోడ్ ఎక్కడికి పంపాలో అడుగుతూ నంబర్‌లో కొన్ని అంకెలు చూపిస్తుంది. ఒక సైట్ చివరి రెండు అంకెలు చూపిస్తుంది, ఇంకోటి చివరి నాలుగు, మరొకటి ముందు అంకెలు. ఈమెయిల్ కూడా మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో అక్షరాల లెక్కకు సరిపడా చుక్కలు. నాలుగు సైట్లలో ఇదే చేస్తే నంబర్ చాలావరకు బయటపడుతుంది. మిగిలిన రెండు మూడు అంకెలకు వంద నుంచి వెయ్యి అవకాశాలు. వాటన్నిటినీ కాంటాక్టుల్లో వేసుకుని ఏదో మెసేజింగ్ యాప్‌లో ఎవరి ఫోటో వస్తుందో చూడటం ఓపికున్నవాడికి ఒక సాయంత్రం పని. దీనికి విరుగుడు: ముఖ్యమైన అకౌంట్లలో రికవరీకి ఫోన్ నంబర్ తీసేసి, ఎక్కడా ఇవ్వని ఒక ఈమెయిల్ పెట్టడం, రెండో తాళానికి, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే కోడ్‌కు, ఎస్ఎంఎస్ బదులు ఆ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ వాడటం. అప్పుడు ఆ అకౌంట్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అవి లేకపోతే, ఫోన్ పోయినప్పుడు అకౌంట్ కూడా పోయి, అది తిరిగి తెచ్చుకోవడానికి పాత నంబర్ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. ఎక్స్ (పాత ట్విటర్)లో పాస్‌వర్డ్ రీసెట్‌కు ముందు ఈమెయిల్ లేదా నంబర్ పూర్తిగా అడిగే సెట్టింగ్ ఉంది, అది వెంటనే పెట్టేయాలి.

సెక్యూరిటీ ప్రశ్నలకు నిజం జవాబులు ఇవ్వకూడదు. మీ మొదటి బడి ఏది అన్నదానికి ఏ సంబంధం లేని నాలుగు మాటలు రాసి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవాలి. తెలిసినవాడే శత్రువైనప్పుడు ఆ ప్రశ్నలు తాళం చెవిని గుమ్మం మీద పెట్టినట్టే.

ఫోటోల దగ్గర ఎక్కువ సేపు కూర్చుంటాం. ఫోన్‌లో తీసిన ఫోటో ఫైలులో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు. దశాంశం తర్వాత నాలుగో అంకె దాకా ఉంటే దాదాపు 11 మీటర్ల తేడాలో చోటు దొరికినట్టే. ఫేస్‌బుక్, వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోలోంచి దీన్ని తీసేస్తాయి. కానీ వాట్సాప్‌లోనే నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అది అలాగే వెళ్తుంది. ఈమెయిల్‌లో జత చేసినా, డ్రైవ్ లింకు ఇచ్చినా అంతే. కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేయడం ఒక్క నిమిషం పని, అది మొదటి రోజే చేయించాలి.

అది తీసేసినంత మాత్రాన ఫోటో మూగదైపోదు. ఒక మామూలు ఫోటో అనుకోండి: కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతున్న మనిషి. కిటికీలోంచి ఒక సెల్ టవర్, దాని పక్కన నీలం రంగు నీళ్ల ట్యాంకు, ఎదురు మేడ మీద సగం కనబడే బోర్డు. బోర్డులో నాలుగు అక్షరాలు చాలు, మ్యాప్‌లో ఆ దుకాణం దొరుకుతుంది. వీధి ఫోటోల్లో టవర్, ట్యాంకు ఒకే వరసలో కనబడే కోణం పట్టుకుంటే ఏ మేడో, ఏ అంతస్తో తేలుతుంది. బల్ల మీద కొరియర్ కవరు, గోడకు పిల్లల బడి బ్యాగు, స్టీలు గ్లాసులో ప్రతిబింబం. ఫోటో పెట్టే ముందు మనిషిని చేత్తో కప్పి, మిగిలిన దాన్నే రెండు వేళ్లతో పెద్దది చేసి మూల మూలా చూడమంటాం. ఉన్న చోటి ఫోటో అక్కడ ఉండగా పెట్టొద్దు, వెళ్లిపోయాక పెట్టండి. ఇంటి కిటికీ ఫోటో అసలు వద్దు.

పరుగు, నడక లెక్కపెట్టే యాప్‌ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. స్ట్రావా 2017 నవంబరులో ప్రపంచమంతా జనం తిరిగిన దారుల పటం విడుదల చేస్తే, 2018 జనవరికల్లా అందులో సైనిక స్థావరాల రూపురేఖలు కనిపిస్తున్నాయని బయటపడింది. పేర్లు లేని పటమే అది. ఇంటి చుట్టూ కొంత దూరం దాచే సెట్టింగ్ ఉందిగా అంటారు. గుండ్రని వలయంతో దాచినప్పుడు, రోజుకో దిక్కుకు వెళ్తే దారులన్నీ ఆ వలయం అంచు దగ్గరే మొదలవుతాయి. అంచు మీద మూడు బిందువులు దొరికితే వృత్తం గీయొచ్చు, దాని కేంద్రమే ఇల్లు. ప్రమాదంలో ఉన్నవాళ్లకు మా సలహా ఒక్కటే: మ్యాప్ మొత్తం దాచండి, ప్రొఫైల్ మూసేయండి, పాత పరుగులు కూడా.

ఇక మనం చెయ్యని తప్పులు. అంటే చుట్టూ ఉన్నవాళ్లు చేసేవి. చిరునామా బయటపడేది ఎక్కువగా ఇక్కడే అని మా అభిప్రాయం. పిన్ని పుట్టినరోజు ఫోటోకు ట్యాగ్, మేనమామ గ్రూపులో కొత్త ఇంట్లో పాలు పొంగించాం అన్న మాట, బడి వాళ్లు పెట్టిన బహుమతి ఫోటో. కాంటాక్టులు ఎత్తుకుని నంబర్‌కు పేరు చూపించే యాప్‌లయితే మరీను. ఎవరో మన కొత్త నంబర్‌ను మన పేరుకు కొత్త ఊరు, కొత్త ఆఫీసు పేరు కలిపి సేవ్ చేసుకుంటారు, వాళ్ల ఫోన్‌లో ఆ యాప్ ఉంటుంది, మర్నాటికి ఆ ఊరూ ఆఫీసూ అందరికీ కనబడతాయి. ట్రూకాలర్‌లో పేరు తీయించాలంటే ముందు యాప్‌లో అకౌంట్ డీయాక్టివేట్ చేసి, ఆ తర్వాత వాళ్ల అన్‌లిస్ట్ పేజీలో దేశం కోడ్‌తో నంబర్ ఇవ్వాలి. యాప్ ఫోన్‌లోంచి తీసేస్తే చాలు అనుకుంటారు, చాలదు. గెట్‌కాంటాక్ట్ లాంటివి ఇంకా ఉన్నాయి, ఒక్కోదానికి విడిగా అడగాలి.

దగ్గరివాళ్లలో కొత్త నంబర్ ఇవ్వాల్సింది ఐదారుగురికే. వాళ్లకు చెప్పాల్సినవి చిన్న మాటల్లో రాసి ఇస్తాం: నంబర్‌ను అసలు పేరుతో కాక ఇద్దరికే తెలిసిన పేరుతో సేవ్ చేసుకోండి. నన్ను ట్యాగ్ చేయకండి, నేను ఉన్న ఫోటో పెట్టకండి. ఎవరు అడిగినా, పోలీసులమన్నా, కొరియర్ అన్నా, చిరునామా చెప్పకండి. వాళ్ల నంబర్ తీసుకుని నాకు పంపండి. ఈ చివరిది చాలా ముఖ్యం. గూగుల్‌లో దొరకనప్పుడు వెతికేవాడు ఫోన్ చేసేది అమ్మకే.

కొత్త సిమ్‌ను పాత అకౌంట్లున్న ఫోన్‌లో వేయకూడదు. వేస్తే యాప్‌లు కాంటాక్టులను, నంబర్‌ను కలిపి మీకు తెలిసినవారు అంటూ అవతలివాడికి చూపించే ప్రమాదం ఉంది. ప్రతి యాప్‌లోనూ కాంటాక్టుల అనుమతి తీసేయాలి. టెలిగ్రామ్‌లో నంబర్ ఎవరికీ కనబడకుండా, నంబర్‌తో నన్ను వెతికే వీలు నా కాంటాక్టులకు మాత్రమే ఉండేలా రెండు సెట్టింగులూ మార్చాలి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ ఉంది, నంబర్ ఇవ్వకుండానే మాట్లాడొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో నంబర్ అందరికీ కనబడుతుంది కాబట్టి కొత్త నంబర్‌తో పాత గ్రూపుల్లో చేరకూడదు. డబ్బు పంపే యాప్‌లలో నంబర్ కొడితే బ్యాంకులో ఉన్న పూర్తి పేరు కనబడే రకాలు ఉన్నాయి. తెలియనివాళ్లకు ఇచ్చే నంబర్ వేరు, బ్యాంకుకు ముడిపడిన నంబర్ వేరు ఉండాలి.

పాత ఇంట్లో కలిసి వాడిన అకౌంట్లు ఒక్కొక్కటీ రాసుకోవాలి: సినిమాలు చూసేది, సరుకులు తెప్పించేది, క్యాబ్, క్లౌడ్‌లో ఫోటో ఆల్బమ్. షాపింగ్ అకౌంట్‌లో కొత్త చిరునామా ఒక్కసారి వేస్తే ఆ అకౌంట్ చూసే ఇంకో మనిషికి అది అక్షరం పొల్లుపోకుండా కనబడుతుంది. వీటిని బాగుచేయడం వృథా, కొత్తవి తెరవాలి. పిల్లలకు అవతలివాడు కొనిచ్చిన ట్యాబ్, గడియారం విడిగా చూడాలి. బ్యాగులో, కారులో ట్రాకర్ (ఎక్కడున్నామో అవతలివాడికి చెప్పే చిన్న పరికరం) ఉందేమో కూడా. 2024 మే నుంచి ఐఫోన్‌లలో ఐఓఎస్ 17.5తో, ఆండ్రాయిడ్ 6, ఆపై వాటిలో, తెలియని ట్రాకర్ వెంట వస్తుంటే హెచ్చరిక వస్తుంది. కానీ అన్ని రకాల ట్రాకర్లకూ రాదు, చేత్తో వెతకడం తప్పదు.

తీయించడం దగ్గరికి వద్దాం. మన చేతిలో ఉన్నవి ముందు. పాత అకౌంట్ చెరిపే ముందు అందులోని వివరాలు తప్పుడువిగా మార్చి, కొన్ని రోజులు ఆగి, అప్పుడు మూసేయాలి. వెంటనే మూసేస్తే సెర్చ్‌లో పాత పేరూ ఊరూ చాలాకాలం మిగిలిపోతాయి. తర్వాత పెట్టినవాళ్లను అడగడం, సైట్ యజమానిని అడగడం, చివర సెర్చ్ ఇంజిన్. ఈ వరసకు కారణం ఉంది. గూగుల్ తీసేది దారిని మాత్రమే, పేజీ అక్కడే ఉంటుంది, బింగ్‌లో వెతికితే దొరుకుతుంది. మూలం తీసేశాక ఫలితాల్లో పాత ముక్క ఇంకా కనబడుతుంటే, పాతబడిన కంటెంట్‌ను రిఫ్రెష్ చేయమనే గూగుల్ పనిముట్టులో లింకు ఇస్తే తుడిచేస్తుంది. ప్రాణభయం ఉన్న కేసులో మాత్రం ఈ వరసను పక్కనపెట్టి రెండు వైపులా ఒకేసారి అడుగుతాం.

గూగుల్ 2022 ఏప్రిల్‌లో తన నియమం విస్తరించి, ఫోన్ నంబర్, ఈమెయిల్, ఇంటి చిరునామా ఉన్న ఫలితాలను తీయమని ఎవరైనా అడిగే వీలు కల్పించింది. అదే ఏడాది, ఇలాంటి ఫలితాలను తీయమని అడగడానికి రిజల్ట్స్ అబౌట్ యు అనే పేజీ కూడా తెచ్చింది. అది అన్ని దేశాల్లో లేదు, ఫారం ద్వారా అడగొచ్చు. అర్జీ తిరిగి రావడానికి సాధారణ కారణాలు రెండు. సెర్చ్ ఫలితాల పేజీ లింకు ఇవ్వడం ఒకటి, ఇవ్వాల్సింది లోపలి పేజీ లింకు. రెండోది, పేజీలో పేరు మాత్రమే ఉండటం. పేరు ఒక్కటే ఉంటే ఈ నియమం కిందికి రాదు. ప్రభుత్వ సైట్లు, వార్తల పేజీల దగ్గర కూడా ఒప్పుకోకపోవచ్చు. చిరునామాతో పాటు బెదిరింపు కూడా ఉంటే ఆ సంగతి ఫారంలో తప్పక చెప్పాలి, అప్పుడు దాన్ని వేరే కోవలో చూస్తారు.

యూరప్‌లో ఉన్నవాళ్లకు, తమ వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చే జీడీపీఆర్ అనే చట్టంలోని 17వ అధికరణం చేతిలో ఉంది. సైట్ ఒక నెలలో జవాబివ్వాలి, క్లిష్టమైతే ఇంకో రెండు నెలలు. సెర్చ్ ఇంజిన్‌నూ అడగొచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014 మే 13న తేల్చింది. కాలిఫోర్నియాలో ఉంటే 2023 నాటి డిలీట్ యాక్ట్ కింద 2026 జనవరిలో మొదలైన డ్రాప్ అనే ఒక్క చోట అడిగితే నమోదైన డేటా బ్రోకర్లందరికీ, అంటే జనం వివరాలు పోగుచేసి అమ్మే కంపెనీలన్నిటికీ, చేరుతుంది. మిగతా చోట్ల ఒక్కో బ్రోకర్‌ను విడిగా అడగాలి, పైగా కొన్ని నెలలకు పేరు మళ్లీ మొలుస్తుంది, వాళ్లు మూలం నుంచి మళ్లీ కొంటారు కాబట్టి. అందుకే పట్టికలో ఆఖరి గడి.

సైట్ యజమానికి రాసే ఉత్తరం పొట్టిగా ఉండాలి. లింకు, పేజీలో ఏ వరసలో ఏముంది, అది తీసేయండి, ఫలానా తేదీలోగా జవాబివ్వండి. కథ చెప్పొద్దు. ఎవరికి భయపడుతున్నారో అసలు రాయొద్దు. చదివేవాడు ఎవరో, ఎవరికి పంపుతాడో తెలియదు. గుర్తింపు కార్డు అడిగితే, పేరూ ఫోటో తప్ప మిగతావి కప్పేసి, ఈ అర్జీకి మాత్రమే అని కార్డు మీద అడ్డంగా రాసి పంపాలి. కొత్త చిరునామా ఉన్న కార్డు ఎప్పుడూ పంపకూడదు. మరో ఉచ్చు కాపీరైట్ దారి. నా ఫోటో నా అనుమతి లేకుండా పెట్టాడని కాపీరైట్ నోటీసు ఇస్తే త్వరగా తీసేస్తారన్నది నిజమే. కానీ ఆ నోటీసు, పంపినవాళ్ల పేరుతో సహా, ఫోటో పెట్టినవాడికే చేరొచ్చు, ల్యూమెన్ అనే బహిరంగ భాండాగారంలోనూ పడొచ్చు. వెతికేవాడికి మన కొత్త ఈమెయిల్ మనమే అందించినట్టవుతుంది.

నగ్న చిత్రాలు బయటపెడతానని బెదిరిస్తుంటే స్టాప్ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ ఉంది. 2021 డిసెంబరులో మొదలైంది. చిత్రం మన ఫోన్ దాటి పోదు, దాని నుంచి లెక్కగట్టిన గుర్తు మాత్రమే వెళ్తుంది, ఇందులో చేరిన సంస్థలు దాన్ని పోల్చి అడ్డుకుంటాయి. చిత్రంలో ఉన్నప్పుడు 18 నిండనివారికి టేక్ ఇట్ డౌన్ అనే వేరే సేవ ఉంది.

గూగుల్ మ్యాప్స్ వీధి చిత్రంలో ఇల్లు మసకబార్చమని చాలామంది అడుగుతారు. అడిగితే చేస్తారు, కానీ మళ్లీ మామూలుగా చేయరు. వీధిలో పదిళ్లు స్పష్టంగా ఉండి ఒక్కటే మసగ్గా ఉంటే చూపు దాని మీదే ఆగుతుంది. కొత్త ఇంటికి మేం వద్దనే అంటాం.

సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లు డొమైన్ (సైట్‌కు కొనుక్కున్న పేరు) వివరాలు చూసుకోవాలి. 2018 మే 25 తర్వాత, డొమైన్ ఎవరిదో చూపించే హూఈజ్ రికార్డులో వ్యక్తుల వివరాలు చాలావరకు దాస్తున్నారు. అంతకుముందు కొన్న డొమైన్ అయితే అప్పటి చిరునామా, ఫోన్ పాత రికార్డులు దాచి అమ్మే కంపెనీల దగ్గర ఉంటాయి. అవి తీయించడం దాదాపు కుదరదు. ఇల్లు మారడమే దానికి జవాబు, కొత్త ఇంటిని ఆ డొమైన్‌కు ఎప్పుడూ తగిలించకపోవడం.

పాతదంతా చెరగదన్న మాట సాయం కోరి వచ్చినవాళ్లకు మొదటి రోజే చెప్పేస్తాం. అసలు కష్టపడాల్సింది కొత్త చిరునామా పాత పేరుతో ఒక్కసారి కూడా కలవకుండా చూడటానికి. ప్రభుత్వ రికార్డుల్లోంచి ప్రాణం మీదికి రావడం ఇంటర్నెట్‌కు ముందే ఉంది. 1989లో అమెరికాలో నటి రెబెకా షేఫర్‌ను చంపినవాడికి ఆమె చిరునామా ప్రైవేట్ డిటెక్టివ్ ద్వారా వాహన శాఖ రికార్డుల్లోంచి చేరింది. 1994లో ఆ రికార్డులను కాపాడే చట్టం వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే, హింస నుంచి బయటపడినవారికి అసలు చిరునామా బదులు వాడుకునే చిరునామా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఇలాంటిది ఉన్న చోట ఇల్లు మారకముందే చేరాలి. మారాక చేరితే అప్పటికే కరెంటు కనెక్షన్‌తో, బ్యాంకుతో చిరునామా పేరుకు అంటుకుపోయి ఉంటుంది. లేని చోట తపాలా పెట్టె, లేదా నమ్మకమైన సంస్థ చిరునామా ఉత్తరాలకు వాడాలి. ఇంటికి వచ్చే పార్సెళ్ల మీద పూర్తి పేరు ఉండకూడదు.

మళ్లీ చూడటం వారానికి ఒకసారి, తర్వాత నెలకు, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పేరుకు, నంబర్‌కు గూగుల్ అలర్ట్స్ (కొత్త ఫలితం వస్తే ఈమెయిల్ పంపే సదుపాయం) పెడితే కొంత పని తగ్గుతుంది, అది కూడా ఆ కొత్త ఈమెయిల్‌తోనే. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి మారినప్పుడల్లా లెక్క మొదటి నుంచి. ఈ వెతుకులాటను బాధితుల చేత ఒంటరిగా చేయించకూడదు. తమ గురించి రాసిన బూతులు, బెదిరింపులు రోజూ చదివితే మనిషి కుంగిపోతారు. చదవడం పక్కనున్నవాళ్ల పని, వాళ్లకు చెప్పాల్సింది ఏం మారింది, ఏం చెయ్యాలి అన్నంతవరకే.

పని ముగిసే రోజుకు ఆ మనిషిని కనిపెట్టడానికి కావలసినవన్నీ ఒకేచోట ఉన్న కాగితం ఒక్కటే మిగులుతుంది. అది మేం తయారుచేసిన పట్టికే. ఇంటర్నెట్‌లో చెల్లాచెదురుగా ఉన్నదాన్ని వరసగా పేర్చింది మనమే. అందుకే దాన్ని మొదటి నుంచీ పాస్‌వర్డ్‌తో తాళం వేసిన ఫైలుగా, పేరు లేకుండా, ఎవరితోనూ లింకుగా పంచుకోకుండా ఉంచుతాం. కొత్త చిరునామా అందులో ఏ గడిలోనూ రాయం. ఆఖరి రోజు ఫైలు ఆ మనిషికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, పాస్‌వర్డ్ నోటితో చెప్పి, వాళ్ల ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుందని చూశాక, మా కాపీని, ట్రాష్‌లో ఉన్నదాన్ని, బ్యాకప్‌లో ఉన్నదాన్ని వాళ్ల ముందే చెరిపేస్తాం.